కొడుకు ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక్క గది

ఉత్తరం

సూర్యాపేట నుంచి వచ్చి రెండేళ్లుగా హైదరాబాద్ శివార్లలోని బోడుప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. తన పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక ఆమె మాటల్లోని ముఖ్యాంశాలను మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 64 ఏళ్లు. భర్త నాలుగేళ్ల క్రితం పోయారు. 1998లో ఇద్దరూ కలిసి సూర్యాపేటలో కట్టుకున్న ఇల్లు ఆమె పేరనే ఉంది. కింది పోర్షన్‌ను నెలకు 6,000 రూపాయలకు అద్దెకిచ్చి, పై పోర్షన్‌కు భర్త పుస్తకాలు, బీరువాలు, వంటసామానుతో సహా తాళం వేసి వచ్చారు. పింఛను నెలకు 43,000 రూపాయలు వస్తుంది. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బ్యాంకు లోనుతో కొన్న రెండు పడకగదుల ఫ్లాటు అతనిది. కోడలు అమెరికా వేళలకు ఇంటి నుంచే పనిచేస్తుంది కాబట్టి ఒక గది రాత్రంతా ఆమె ఆఫీసు, పగలు ఆమె నిద్రపోయే చోటు. రెండో గదిలో కొడుకు, తొమ్మిదేళ్ల మనవరాలు పడుకుంటారు. హాలులోని దివాన్ ఈమెది, బట్టల సూట్‌కేసు దివాన్ కింద ఉంటుంది.

"ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ నాకు తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వస్తుంది. హాల్లో లైటు వేస్తే పిల్ల లేస్తుంది. వంటింట్లో గిన్నె చప్పుడైతే అవతల కోడలి మీటింగు. చీకట్లో కూర్చుని తెల్లవారడం కోసం ఎదురుచూస్తాను" అని రాశారు. నాలుగు వీధుల అవతల ఒక కొత్త అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆమె ఒక గది చూశారు. యజమాని దాన్ని స్టూడియో ఫ్లాట్ అంటున్నారు. ఒకే పెద్ద గది, మూలన వంట గట్టు, అటాచ్డ్ బాత్‌రూమ్, తూర్పు వైపు చిన్న బాల్కనీ. అద్దె 8,500, మెయింటెనెన్స్ 1,000, అడ్వాన్సు రెండు నెలలు. అదే భవనంపైన పెంట్‌హౌస్‌లో అలాంటి గదినే 6,500కు ఇస్తామన్నారు. అగ్రిమెంటు కొడుకు పేరు మీదే రాయాలని, కరెంటుకు విడి మీటరు ఉండదు, యూనిట్‌కు 10 రూపాయల చొప్పున తనకే కట్టాలని యజమాని షరతు.

ఇంట్లో చెప్పినప్పుడు కొడుకు చాలాసేపు మాట్లాడలేదట. తరువాత, "నువ్వు వెళ్తే నేను నిన్ను చూసుకోలేదని ఊళ్లో అందరూ అంటారమ్మా" అన్నాడు. సూర్యాపేట ఇల్లు అమ్మేసి, ఆ డబ్బు కలిపి మూడు పడకగదుల ఫ్లాటు కొందామని, అందులో ఒక గది నీదేనని అన్నాడు. బెంగళూరులో ఉన్న కూతురు, సూర్యాపేటకే తిరిగి వెళ్లిపొమ్మంటోంది. కోడలు ఏమీ అనలేదు. మూడున్నరకు స్కూలు బస్సు దగ్గర నుంచి ఈమె తీసుకొచ్చే మనవరాలు మాత్రం, "నాన్నమ్మా, నేనేం చేశాను?" అని అడిగింది. "ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఇలా కోరుకోవడం తప్పా? తప్పు కాకపోతే ఎలా వెళ్లాలి?" అని ఆమె ప్రశ్న.

సమాధానం

టీచర్ గారూ,

"ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు" అన్న వాక్యం మీ ఉత్తరంలో మూడు చోట్ల ఉంది. ఇంటివాళ్ల మంచితనానికి సాక్ష్యంగా మీరు దాన్ని రాశారు కానీ, చదువుతుంటే నాకు మీ ఇబ్బంది అంతా అందులోనే కనిపించింది. ఎవరైనా ఒక మాట అని ఉంటే ఇల్లు మారడానికి మీకు చెప్పుకోదగ్గ కారణం దొరికేది. ఎవరి తప్పూ లేని ఇంట్లో ఇరుకుగా ఉందని నోరు తెరిచి చెప్పడమే నేరమనుకుని మీరు రెండేళ్లు గడిపారు. అందుకే మీ మొదటి ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను. ఇలా కోరుకోవడం తప్పు కాదు. ఉద్యోగం చేసి, ఇల్లు కట్టి, పిల్లలను పెంచి, నలభై ఏళ్లు తన వంటింట్లో తనకు నచ్చిన వేళకు పొయ్యి వెలిగించుకున్న మనిషి, 64వ ఏట సొంతంగా లైటు వేసుకునే చోటు ఒకటి ఉండాలనుకోవడంలో ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

మీ రెండో ప్రశ్న పెద్దది. దానిలో మూడు విషయాలు ముడిపడి ఉన్నాయి, వాటిని విడదీయకుండా మీరు ఏ నిర్ణయం తీసుకున్నా మిగిలిన రెండూ మిమ్మల్ని వెంటాడతాయి. ఒకటి, ఇంట్లో గదులు చాలకపోవడం. రెండు, ఒకే ఇంట్లో రెండు గడియారాలు నడవడం, అంటే కోడలిది రాత్రి, మీది తెల్లవారుజాము. మూడు, మీ అబ్బాయి మనసులోని పరువు. అబ్బాయి ప్రతిపాదించిన మూడు గదుల ఫ్లాటు మొదటిదానికి మాత్రమే సమాధానం. అక్కడికి వెళ్లినా కోడలి మీటింగులూ ఉంటాయి, మీ నాలుగున్నరా ఉంటుంది, వంటింట్లో గిన్నె చప్పుడూ ఉంటుంది. మీరు చూసిన గది మొదటి రెండింటినీ తీరుస్తుంది కానీ మూడోదాన్ని రేపుతుంది. ఇలా చూస్తే, మీరు వెతకవలసింది గదిని ఎంత జాగ్రత్తగానో, దాన్ని తీసుకునే తీరును కూడా అంత జాగ్రత్తగా.

ఇంకొక విషయం మీ ఉత్తరంలో ఉంది, దాన్ని మీరు అర వాక్యంలో దాటేశారు. మూడున్నరకు మనవరాలిని బస్సు దగ్గర నుంచి తీసుకొచ్చేది మీరే. ఆ వేళకు కోడలు నిద్రలో ఉంటుంది, అబ్బాయి ఆఫీసులో ఉంటాడు. "ఊళ్లో ఏమంటారు" అన్న మాట వెనుక, "మూడున్నరకు పాప దగ్గర ఎవరుంటారు" అన్న మాట కూడా ఉండి ఉండవచ్చు. తల్లిని ఆ కారణంతో ఆపుతున్నానని చెప్పడానికి ఏ కొడుకుకూ నోరు రాదు. కాబట్టి ఆ మాట మీరే ముందు ఎత్తండి. కోడలు ఏమీ అనకపోవడంలో కూడా ఇదే ఉండవచ్చు. ఔనంటే అత్తగారిని పంపేసినట్టవుతుంది, వద్దంటే పిల్ల కోసం ఆపినట్టవుతుంది. ఆ అమ్మాయితో ఒక సాయంత్రం, తను నిద్ర లేచాక, అబ్బాయి లేనప్పుడు, విడిగా మాట్లాడమని నా మనవి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

సూర్యాపేట ఇల్లు అమ్మి పెద్ద ఫ్లాటు కొనడం గురించి ముందుగా చెబుతాను, ఎందుకంటే మిగిలిన దారులు ఏవైనా వెనక్కి తిప్పుకోగలిగినవే, ఇదొక్కటే తిప్పుకోలేనిది. మీ అబ్బాయి దురాశతో అడిగాడని నేను అనడం లేదు, అతని మాటల్లో నాకు అలాంటిదేమీ వినిపించలేదు. కానీ ఈ రోజు మీరు మాట్లాడేటప్పుడు మీ వెనుక ఒక ఇల్లు ఉంది. అది పోయాక, మూడో గది నిజంగా మీదేనా అన్న అనుమానం వచ్చిన రోజున, వెళ్లడానికి మీకు ఎక్కడా చోటుండదు. ఒకవేళ ఎప్పటికైనా ఆ దారే మంచిదని మీరంతా అనుకుంటే, కొత్త ఫ్లాటు సేల్ డీడ్‌లో మీరు పెట్టిన డబ్బుకు తగిన వాటాతో మీ పేరు ఉండాలి. ఇల్లు అమ్మగా వచ్చిన లాభం మీద పన్ను మినహాయింపు కావాలన్నా కొత్త ఇంట్లో మీ పేరు ఉండటమే క్షేమం. ఆస్తిని అబ్బాయికి గిఫ్ట్‌గా రాసిచ్చే మాట వస్తే మాత్రం, మీ పోషణ, బాగోగులు అతను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు నెరవేరనప్పుడు అలాంటి బదిలీని రద్దు చేయమని ఆర్డీవో స్థాయిలో ఉండే ట్రైబ్యునల్‌ను కోరవచ్చు. షరతు రాయకపోతే ఆ రక్షణ కోసం చాలా పోరాడవలసి వస్తుంది. ఇదంతా కొడుకు మీద అనుమానంతో చేసే పనిగా చూడకండి. రేపు అతనికి ఉద్యోగం మారినా, లోను బరువైనా, ఇద్దరి మధ్యా డబ్బు మాట రాకుండా కాపాడేది ఆ కాగితమే. నా అభిప్రాయం అడిగితే, కనీసం రెండేళ్లు ఈ అమ్మకం ఊసే వద్దు.

సూర్యాపేటకు తిరిగి వెళ్లడం గురించి మీరు ఒక పేరాతో సరిపెట్టారు. మీకు మనసు లేదని అర్థమైంది. అక్కడ తెలిసినవాళ్లు, సొంత వంటిల్లు ఉన్నాయి, అద్దె లేదు. కానీ మనవరాలు సుమారు 130 కిలోమీటర్లు దూరమవుతుంది, రాత్రివేళ ఒంట్లో బాగాలేకపోతే కొడుకు విజయవాడ రోడ్డు పట్టుకుని రెండున్నర, మూడు గంటలు ప్రయాణించి రావాలి. మీ అమ్మాయి చెప్పిన ఈ దారిని పూర్తిగా మూసేయకండి. పై పోర్షన్‌ను ఖాళీగా ఉంచుకున్నంత కాలం అది తెరిచే ఉంటుంది, నెలకు నాలుగు రోజులు వెళ్లి ఉండి రావడానికీ పనికొస్తుంది.

ఉన్న ఇంట్లోనే సర్దుకోవడం మరో దారి. బాల్కనీని మూసి చిన్న గదిలా చేయడం, హాలుకు చెక్క పార్టిషన్ పెట్టించడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే. మీ అబ్బాయికి ఇది పరువు తక్కువ కాదు, ఖర్చూ తక్కువే. కానీ పార్టిషన్ వెలుతురును ఆపుతుంది కానీ చప్పుడును ఆపదు, మీ ఇబ్బందిలో సగం చప్పుడే. రెండేళ్ల తరువాత పాపకు పదకొండేళ్లు వస్తాయి, తనకూ ఒక గది కావాలంటుంది. అప్పుడు ఆ పార్టిషన్ వెనుక చోటు ఎవరిదన్న ప్రశ్న మళ్లీ లేస్తుంది.

ఇక మీరు చూసిన గది. దీని మీద ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే గది తీసుకోవాలా వద్దా అని మీరు ఎంతో ఆలోచించారు కానీ, ఎలాంటి గదో అంతగా చూసినట్టు అనిపించలేదు. తూర్పు బాల్కనీ మీ మనసును ముందే గెలిచేసింది.

పెంట్‌హౌస్‌లోని గదిని ముందే పక్కన పెట్టండి. నెలకు 2,000 రూపాయలు మిగులుతాయన్నది నిజమే. కానీ మన దగ్గర స్టిల్ట్ మీద, అంటే కింద పార్కింగ్ వదిలి, ఐదంతస్తులు కట్టిన భవనాల్లో లిఫ్టు చాలాచోట్ల ఐదో అంతస్తుతోనే ఆగిపోతుంది, చివరి మెట్ల వరుస నడిచే ఎక్కాలి. పైన స్లాబు పగలంతా ఎండకు కాలి, రాత్రి పన్నెండు దాకా ఆ వేడిని గదిలోకి దింపుతూనే ఉంటుంది. మిగిలించిన 2,000 ఏప్రిల్, మే నెలల్లో కూలర్‌కూ ఏసీకీ వెళ్లిపోతుంది. పైగా ఇలాంటి పై గదులు అనేకం అనుమతి లేకుండా కట్టినవి, మునిసిపాలిటీ వాళ్లు వచ్చిన రోజున అద్దెకున్నవాళ్లకే మొదటి ఇబ్బంది.

మూడో అంతస్తు గదిని మీరు పగలు పదకొండు గంటలకు చూశానన్నారు. మరో రెండుసార్లు చూడండి. ఒకసారి రాత్రి ఎనిమిదికి వెళ్తే మీ ఇంటి నుంచి అక్కడికి నడిచే నాలుగు వీధుల్లో దీపాలున్నాయా, కుక్కలెన్ని, లిఫ్టు పనిచేస్తోందా, పక్క ఫ్లాట్లలో ఎవరున్నారన్నది తెలుస్తుంది. మరోసారి తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్లండి. మీ రోజు మొదలయ్యే వేళ అదే కదా, ఆ వేళకు కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, లేక వాచ్‌మన్ ఏడింటికి మోటారు వేస్తేనే వస్తాయా అన్నది మీకు బాల్కనీ కంటే ముఖ్యం. నీళ్ల గురించి యజమానిని కాకుండా అక్కడ రెండు వేసవులు గడిపినవాళ్లను అడగండి. శివారు కాలనీల్లో ఎండాకాలం బోర్లు ఎండిపోయి, మంచినీళ్ల సరఫరా చాలక, ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. ట్యాంకర్ ఖర్చు మీ 1,000 రూపాయల మెయింటెనెన్స్‌లోనే ఉందా, విడిగా పంచుతారా, పంచితే ఇంటి లెక్కనా, మనిషి లెక్కనా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఒంటరిగా ఉండే మీరు నలుగురున్న ఇంటితో సమానంగా కట్టనక్కర లేదు.

ఒకే గదిలో వంట, పడక రెండూ ఉండటం గురించి ఒక మాట. వంటగ్యాసు గాలి కంటే బరువైనది, లీకైతే నేలమట్టానికే చేరి నిలుస్తుంది. పడుకునేది అదే గదిలో కనుక గ్యాసు బండను బాల్కనీలో, ఎండ, వాన తగలని మూలన పెట్టి పైపు లోపలికి ఇచ్చే వీలుందా అడగండి. లేకపోతే మీ ఒక్కరి వంటకు ఇండక్షన్ పొయ్యి చాలు. బాత్‌రూమ్‌లో గ్యాసు గీజర్ ఉంటే మాత్రం వెంటనే తీయించి కరెంటు గీజర్ పెట్టమనండి. తలుపు మూసిన చిన్న బాత్‌రూముల్లో గ్యాసు గీజర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, దానివల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు ఎన్నో. ఇంకా ఆ బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేదైతే, లోపల పడిపోయిన మనిషే తలుపుకు అడ్డమవుతుంది, బయటివాళ్లు తీయలేరు. తలుపు బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేయించడం వడ్రంగికి ఒక పూట పని. కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ, మంచం పక్కనే ఒక స్విచ్చు, నేల మీద జారని టైలు ఉండాలి. మీకిప్పుడు ఇవేవీ అక్కరలేదని నాకు తెలుసు. కానీ గది వెతుక్కునేటప్పుడు 64 ఏళ్ల మనిషి కోసం కాకుండా, జ్వరంతో లేవలేక ఉన్న రోజున మీ కోసం వెతకండి.

యజమాని షరతుల దగ్గరకు వద్దాం. కరెంటు విషయం చిన్నదే కానీ దానిలో నెలనెలా నష్టం ఉంది. ఇళ్ల కరెంటు రేటు వాడకం పెరిగేకొద్దీ స్లాబుల వారీగా పెరుగుతుంది. ఫ్యాను, రెండు లైట్లు, చిన్న ఫ్రిజ్ నడిపే మీకు విడి మీటరు ఉంటే 100 యూనిట్ల లోపు తక్కువ స్లాబులోనే సరిపోయే అవకాశం ఎక్కువ. మూడు నాలుగు గదులు ఒకే మీటరు మీద ఉంటే అందరి వాడకం కలిసి పై స్లాబుకు ఎక్కుతుంది, ఆ భారం మీమీదా పడుతుంది. విడి మీటరు అడగండి, కుదరదంటే ప్రతి నెలా అసలు బిల్లు చూపించి, గదికి విడిగా పెట్టే సబ్ మీటరు లెక్క ప్రకారం పంచమని అడగండి. దానికీ ఒప్పుకోకపోతే అద్దెలో 500 తగ్గించమనడం న్యాయమే.

అగ్రిమెంటు కొడుకు పేరు మీద రాయాలన్నది మాత్రం చిన్న విషయం కాదు. యజమాని భయం నాకు అర్థమవుతుంది, వయసు మళ్లిన మనిషి ఒంటరిగా ఉంటే ఏదైనా జరిగినప్పుడు ఎవరిని పిలవాలన్నది ఆయన దిగులు. ఆ దిగులు తీరడానికి మీ అబ్బాయి సాక్షిగా సంతకం పెట్టి, అతని ఫోన్ నంబరు, చిరునామా అగ్రిమెంటులో రాస్తే చాలు. కిరాయిదారుగా అతనే సంతకం పెడితే, మీరు మళ్లీ కొడుకు ఇంట్లో ఉన్నట్టే, కాకపోతే ఆ ఇల్లు నాలుగు వీధుల అవతల ఉంటుంది. ఏ రోజైనా అతను ఖాళీ చేద్దామంటే మీ మాట చెల్లదు. అద్దె మీ పింఛను ఖాతా నుంచి, మీ చేతుల మీదుగా, బ్యాంకు ద్వారానే వెళ్లాలి. అబ్బాయి తానే కడతానంటే ప్రేమగా వద్దనండి.

చట్టం మీకు ఎంతవరకు అండగా ఉంటుందో కూడా చెప్పాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 2005 సవరణ తరువాత, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించడం లేదు. కాబట్టి మీ గదికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, మీరు రాసుకున్న అగ్రిమెంటు, ఈ రెండే ఆధారం. అగ్రిమెంటులో ఏమీ రాయకపోతే నెలవారీ అద్దెను ఏ పక్షమైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. 15 రోజుల్లో ఇల్లు వెతుక్కోవడం మీకు కష్టం, అందువల్ల యజమాని ఖాళీ చేయమనాలంటే మూడు నెలలు, మీరు వెళ్లాలనుకుంటే ఒక నెల అని రాయించండి. మొదట ఒప్పుకోకపోయినా, అద్దె తప్పని పింఛనుదారు కిరాయికి రావడం ఆయనకూ లాభమే కనుక రెండు నెలలకైనా దిగివస్తారు. అద్దె ఏడాదికి ఎంత శాతం పెరుగుతుంది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని అడ్వాన్సులో ఎంత కోస్తారు, మిగిలింది ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నవి అంకెలతో రాయాలి. "మామూలుగా అందరికీ చేసినట్టే" అన్న మాటకు వెళ్లేరోజున ఎవరి అర్థం వారిదే.

రెండు నెలల అడ్వాన్సు న్యాయమైనదే. కేంద్రం 2021లో తెచ్చిన మాదిరి అద్దె చట్టం కూడా నివాసాలకు రెండు నెలలకు మించి తీసుకోరాదనే అంటుంది. యజమాని గదిలోకి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలని కూడా అందులో ఉంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది, అయినా ఆ 24 గంటల మాటను మీ అగ్రిమెంటులో ఒక వాక్యంగా రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒంటరి స్త్రీ గది తలుపు ఎప్పుడు పడితే అప్పుడు తట్టే యజమానులు ఉన్నారు, ఆ వాక్యం వారికోసం. ఇక 11 నెలల అగ్రిమెంటుకు స్టాంపు కాగితం, నోటరీ చాలని బ్రోకర్లు చెబుతారు. 1999 సవరణ ప్రకారం మన రాష్ట్రాల్లో లీజు ఎంత కాలానిదైనా రిజిస్టర్ చేయించాల్సిందే. ఆచరణలో ఎక్కువమంది చేయించడం లేదు, ఆ కాగితం కోర్టు దాకా వెళ్తే అక్కడే బలహీనపడుతుంది. యజమాని ఒప్పుకుంటే రిజిస్టర్ చేయించండి, ఖర్చు సగం మీరు పెట్టుకోండి. ఒప్పుకోకపోతే, బ్యాంకు ద్వారా కట్టిన అద్దె, అడ్వాన్సు రసీదు, వాట్సాప్‌లో ఆయన పంపిన మాటలు దాచుకోండి.

ఖర్చు లెక్క వేస్తే, అద్దె, మెయింటెనెన్స్ కలిపి 11 నెలలకు 1,04,500 రూపాయలు. కరెంటు, నీళ్లు, పాలు, కూరగాయలు వేరు. మీ పింఛనుకు ఇది బరువు కాదు. మంచం, బీరువా, గిన్నెలు సూర్యాపేట పై పోర్షన్‌లో ఉన్నవే ఒక చిన్న డీసీఎం లారీలో తెప్పించుకోండి, కొత్తవి కొనకండి. రెండేళ్లుగా తాళం వెనుక ఉన్న మీ సామాను మీ కళ్లముందుకు రావడం కూడా మీకు మంచిదే.

అబ్బాయికి చెప్పే తీరు గురించి మీరు అడిగారు. "వెళ్తున్నాను" అన్న మాట వాడకండి. 11 నెలలకు ఒక గది తీసుకుంటున్నానని, సూర్యాపేట ఇల్లు ఎక్కడికీ పోదని, 11 నెలల తరువాత నలుగురం కూర్చుని మళ్లీ ఆలోచిద్దామని చెప్పండి. గడువు ఉన్న పనికి మనిషి తేలికగా ఒప్పుకుంటాడు. ఊరి గురించి అతను అన్నదాన్ని కొట్టిపారేయకండి, అది అతనికి నిజమైన బాధ. సూర్యాపేటలో మీ ఆడపడుచుకో, మీతో పనిచేసిన టీచర్లకో, అతనికంటే ముందు మీరే ఫోన్ చేసి, "మా వాడి ఇంటి పక్కనే నాకు పూజకూ చదువుకూ వీలుగా ఒక గది తీసుకున్నాం" అని చెప్పండి. "తీసుకున్నాం" అన్న బహువచనం చాలు, మాట మీ నోటి నుంచి వచ్చాక ఊరు కొడుకును అనడానికి పెద్దగా ఏమీ మిగలదు. మొదటి రోజు పాలు పొంగించడానికి కోడలినే పిలవండి. మారు తాళంచెవి కొడుకు దగ్గర ఉండాలి, పొద్దున్నే ఒక ఫోనో, మెసేజో ఉండాలి, ఏడుకల్లా రాకపోతే అతను వచ్చి చూడాలి. ఈ ఏర్పాటు మీరే ప్రతిపాదిస్తే అతని భయంలో సగం తగ్గుతుంది. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567, అత్యవసరానికి 112, రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

ఆదివారం భోజనం మీ గదిలోనా, వాళ్ల ఇంట్లోనా అన్నది వాళ్లకే వదిలేయండి. రోజూ రాత్రి భోజనానికి మాత్రం కొడుకు ఇంటికే వెళ్లి, ఎనిమిదిన్నరకు తిరిగి వచ్చే పద్ధతి మొదటి రెండు మూడు నెలలు పెట్టుకుంటే బాగుంటుంది. ఒంటరితనం మీ దగ్గరికి ఎప్పుడొస్తుందో ముందే తెలియదు, తెల్లవారుజామున హాయిగా అనిపించిన గదే సాయంత్రం ఆరింటికి బరువనిపించవచ్చు. అలా అనిపిస్తే దాచుకోకండి, ఓడిపోయినట్టు అనుకోకండి. రోజూ సాయంత్రం బయటికి వెళ్లే పని ఒకటి పెట్టుకోవడం మేలు. ఆధార్ చూపిస్తే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి టికెట్ డబ్బులు లేవు కదా, ఉప్పల్ దాకా వెళ్లి రావడానికి ఖర్చు కాళ్ల నొప్పే. అయితే ఉప్పల్, నారపల్లి మధ్య ఎలివేటెడ్ కారిడార్ పనుల రద్దీ గుర్తుపెట్టుకుని, ఆఫీసులు వదిలే వేళ మాత్రం వద్దు.

చివరికి మిమ్మల్ని ఆపిన ఆ ప్రశ్న. "నేనేం చేశాను?" అని అడిగిన పిల్లకు "నువ్వేమీ చేయలేదమ్మా" అని మీరు చెప్పే ఉంటారు, పిల్లలు ఆ జవాబును నమ్మరు. అడ్వాన్సు ఇచ్చేలోపే ఒక శనివారం తనను ఆ గదికి తీసుకెళ్లండి. నాన్నమ్మ నాలుగున్నరకే లేస్తుంది, నీకు నిద్ర చెడుతుందని హాల్లో లైటు వేయదు, అందుకని ఈ గది అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. స్కూలు బస్సు ఆగే చోటు ఆ గదికి దగ్గరో, ఇంటికి దగ్గరో మీ ఉత్తరంలో లేదు. దగ్గరైతే మూడున్నర నుంచి అమ్మ లేచే దాకా తను మీ దగ్గరే ఉంటుంది, దూరమైతే మీరే బస్సు దగ్గరికి వచ్చి గదికి తీసుకెళ్తారు. ఏదైనా సరే, ఆ వేళ తనదేనని, తన పుస్తకాలు పెట్టుకోవడానికి ఆ గదిలో ఒక అర ఖాళీగా ఉంటుందని చెప్పి, ఏ అర కావాలో తననే చూపించమనండి.